గృహములందలి సెప్టిక్ ట్యాంకులు : ముందుగా గుర్తింపవలసిన సూచనలు

(సంఘ వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)

  

ఈ మహాసభయందు ప్రసంగింపుడని కార్యవర్గమువారు మాకు వ్రాసినప్పుడు, కావ్యములను గూర్చియో, పూర్వుల కీర్తిని గూర్చియో మాటలాడుదుమని వారు తలచి యుందురు. సంస్కృతము చదివి, సంస్కృతాంధ్రములు బోధించుచు ముప్పదినాలుగేండ్లు గడపినవారము గనుక అట్లు తలచుట సహజమే. మేము ఎంచుకొన్న విషయమును విని కార్యదర్శిగారు ఒక నిమిషము మాటలాడలేదు. తరువాత "భోజనములకు ముందు పెట్టుమందురా, తరువాత పెట్టుమందురా?" అని మాత్రము అడిగిరి. ముందే పెట్టుడని మనవి చేసితిమి. భోజనానంతరము సభ్యులు నిద్రింతురు. ఈ విషయమున మనము ఇప్పటికే చాలకాలము నిద్రించితిమి.

మన సంఘీయులలో గ్రామము విడిచి పట్టణము చేరినవారు, స్థలము కొని యిల్లు కట్టినవారు, ఒక యంతస్తుపై మరియొక యంతస్తు వేసి అద్దెకిచ్చినవారు ఈ సభయందు పెక్కురు కలరు. పాతాళ మురుగుకాలువలు లేని యూళ్లలో అట్టి ప్రతి గృహమునకును పెరటిలోనో, వాకిటనో, మెట్లక్రిందనో భూమిలో ఒక తొట్టి యుండును. సింహద్వారము నే వడ్రంగి చేసెనో, గచ్చురాయి యే యూరినుండి వచ్చెనో యజమానుడు వెంటనే చెప్పును. ఆ తొట్టి యెంత లోతో, దాని మూత యెక్కడనో, కడపట దానిని ఏ సంవత్సరమున తోడించిరో అడిగినచో చెప్పగలవారు అరుదు.

మేము చెప్పదలచిన సంగతి యొక్కటే. ఈ తొట్టి చెడుటకు ముందు చాలకాలము సూచనలు చూపును. వానిని చూచి సకాలమున మేలుకొన్నవాడు లారీని పిలుచును. చూడక ఆలస్యము చేసినవాడు మనిషిని పిలుచును. ఆ మనిషి యొక్కొక్కప్పుడు తిరిగి పైకి రాడు.

తొట్టి పనిచేయు విధము

సెప్టిక్ అనునది గ్రీకు భాషనుండి వచ్చిన మాట. కుళ్ళించునది యని దాని యర్థము. మన పూతి శబ్దమునకు భావమున సమీపమైనది. 1860 ప్రాంతమున ఫ్రాన్సు దేశీయుడగు మూరాస్ అనునతడు ఇట్టి మూతతొట్టిని కట్టెను. 1895-96 ప్రాంతమున ఇంగ్లండులోని ఎక్సెటర్ నగర సర్వేయరు డొనాల్డు కేమెరాన్ దానిని మెరుగుపరచి సెప్టిక్ ట్యాంకు అను పేరిచ్చెను. నేడు మన పట్టణములందు మేస్త్రీ మొదలు మంత్రి వరకు అందరకును తెలిసిన పేరిది.

తొట్టిలోనికి పోయిన మురుగు మూడు పొరలుగా విడివడును. బరువైన పదార్థము అడుగున మడ్డిగా దిగును. నూనె, జిడ్డు మొదలగు తేలికైనవి పైన తెట్టుగా కట్టును. నడుమ నీటిపొర యుండును. గాలి తగులని చోట బ్రతుకు సూక్ష్మజీవులు ఆ మడ్డిని మెల్లమెల్లగా జీర్ణము చేయును. ఆ పనిలోనే కొన్ని వాయువులు పుట్టును. నడుమనున్న నీరు రెండవవైపు గొట్టముగుండ ఇంకుడు గుంతను చేరి భూమిలో ఇంకును. భారతీయ ప్రమాణము 2470 (1985) ప్రకారము ఎంత చిన్న కుటుంబమునకైనను తొట్టిలో నీరు నిలుచు పరిమాణము 1000 లీటర్లకు తక్కువ కారాదు. నీటి లోతు ఒక మీటరునకును, వెడల్పు 75 సెంటీమీటర్లకును తగ్గరాదు. పొడవు వెడల్పునకు రెండు మొదలు నాలుగు రెట్లుండవలెను. నీరింకు చోటు త్రాగునీటి బావికి 18 మీటర్లకన్న దగ్గరగా ఉండరాదు.

సూక్ష్మజీవులు మడ్డినంతయు జీర్ణము చేయజాలవు. మిగిలినది యేటేట పెరుగును. మడ్డి పెరిగినకొలది నీటికి చోటు తగ్గును. చోటు తగ్గినకొలది నీరు తొట్టిలో నిలుచు కాలము తగ్గును. అప్పుడు మడ్డి అడుగునకు దిగుటకు వ్యవధి లేక నీటితో గూడ ఇంకుడు గుంతలోనికి కొట్టుకొనిపోయి, అక్కడి మట్టి రంధ్రములను పూడ్చివేయును. తొట్టిని తోడించుట ఒక పూట పని. పూడిన ఇంకుడు గుంతను బాగుచేయుట కష్టము. పెక్కుసారులు మరియొకటి త్రవ్వింపవలసి వచ్చును. రెండు మూడేండ్ల కొకసారి మడ్డిని తీయింపవలెనని ప్రభుత్వమువారు చెప్పుట ఇందుకే.

ఈ విషయమున రెండు అపోహలు మనయందు బలముగా నున్నవి. తొట్టి నిండినప్పుడు చూచుకొందములే యనుట మొదటిది. సరిగా కట్టిన తొట్టి యెల్లప్పుడును నీటితో నిండియే యుండును. గృహప్రవేశమైన కొలదికాలమునకే నిండును. చూడవలసినది నీటిని కాదు, మడ్డిని. మడ్డియు తెట్టును కలిసి తొట్టి లోతులో మూడవవంతు కాగానే తోడింపవలెను.

రెండవ అపోహ మరింత ప్రమాదకరమైనది. "మా తొట్టి ఇరువదియేండ్లనుండి నిండలేదు" అని గర్వముగా చెప్పుకొను పెద్దలను మేమెరుగుదుము. దానికి సాధారణముగా మూడు కారణములుండును. అడుగున గచ్చులేకుండ సిమెంటు వరలు దింపిన గుంతను తొట్టి యనుకొనుట ఒకటి. తొట్టి గోడ పగులుట రెండవది. తొట్టి నీటిగొట్టమును వీధికాలువలో కలుపుట మూడవది. మొదటి రెంటియందు మన మురుగు భూమిలోని నీటిని చేరును. మూడవదానియందు వీధిలో నాడుకొను పిల్లల కాళ్లను చేరును. కావున ఎన్నడును నిండకపోవుటయే మొట్టమొదటి ప్రమాదసూచన.

సూచనలు

ఇక మిగిలినవానిని వరుసగా చెప్పెదము. గృహిణులు ఈ భాగమును విశేషముగా వినవలెనని ప్రార్థన. ఇంటిలో ఈ మార్పులను మొదట కనిపెట్టువారు వారే. వారి మాటను చెవిని పెట్టనివారు పురుషులు.

మొదటిది నీరు మెల్లగా దిగుట. ఒక్క తూమున మాత్రమే నీరు నిలిచినచో ఆ గొట్టములో వెండ్రుకలో, జిడ్డో అడ్డుపడినదని యెంచవచ్చును. తొట్టికి పోవు తూములన్నియు, ముఖ్యముగా క్రింది యంతస్తులోనివి, ఒకేసారి మందగించినచో దోషము తొట్టియందో, దాని ముందరి చాంబరునందో ఉన్నదని తెలియవలెను.

రెండవది గుడగుడ ధ్వని. మరుగుదొడ్డిలో నీరు వదలినప్పుడు ప్రక్కనున్న స్నానపుగది తూము పలికినచో, గొట్టములలోని గాలి పోవుటకు త్రోవ లేదన్నమాట. గాలిగొట్టము మూసికొనియైన ఉండవలెను. నీరు ముందునకు పోలేక నిలిచియైన ఉండవలెను.

మూడవది దుర్వాసన. దీనియందు కొంత వివేకము కావలెను. వాడక మూసియుంచిన గదిలో తూము క్రింది వంపుగొట్టమునందలి నీరు ఎండిపోయి వాసన రావచ్చును. రెండు చెంబుల నీరు పోసినచో అది పోవును. నీరు పోసినను పోని వాసన, పెరటిలో ఇంకుడు గుంతవద్ద సాయంకాలము వచ్చు వాసన, కుళ్ళిన కోడిగ్రుడ్డును బోలిన వాసన, ఇవి ఉపేక్షింపదగినవి కావు.

నాలుగవది నేల. వాన లేని దినములందు ఇంకుడు గుంతచుట్టు నేల చెమ్మగా నుండుట, అడుగు వేసినచో దిగుట, ఆ మేర మాత్రమే గడ్డియు మొక్కలును మిక్కిలి ఏపుగా పెరుగుట. చూచుటకు ఇది శుభముగా తోచును. భూమి ఇంకించుకొనలేని నీరు పైకి వచ్చుచున్నదని దాని యర్థము.

ఐదవది దోమలు. మురుగునీట పెరుగు క్యూలెక్సు దోమకు సెప్టిక్ ట్యాంకు పుట్టినిల్లు వంటిది. బోదకాలు వ్యాధిని వ్యాపింపజేయునది ఈ దోమయే. గోదావరి మండలములవారికి ఆ వ్యాధిని గూర్చి మేము వేరుగా చెప్పనక్కరలేదు. ఒక్క యింట దోమలు ఆకస్మికముగా పెచ్చుపెరిగినచో గాలిగొట్టము కొనను కట్టిన వల చినిగినదేమో, తొట్టి మూతలు పగిలినవేమో చూచుకొనవలెను.

ఆరవది మూత. పలక నడుమ క్రుంగుట, పగులుట, ఇనుపచువ్వ త్రుప్పుపట్టి బయటపడుట. తొట్టిలోని వాయువులు సిమెంటును ఇనుమును లోపలినుండి తినివేయును. పైన రంగవల్లి తీర్చిన పలక క్రింద బలమున్నదో లేదో ముగ్గు చెప్పదు. అట్టి పలకపై పిల్లలను ఆడనీయరాదు; బండిని నిలుపరాదు.

ఏడవది బావినీరు. నీటి రంగుగాని వాసనగాని మారుట, ఇంటనో ప్రక్కయింటనో చిన్నపిల్లలకు మాటిమాటికి విరేచనములగుట. అయితే నీరు స్వచ్ఛముగా కనబడినంతమాత్రమున నిర్దోషమని యెంచరాదు. రోగకారకములగు క్రిములు కంటికి కనబడవు. తొట్టికి దగ్గరగా బావియో బోరో ఉన్నవారు ఏటేట, విశేషించి వర్షాకాలమైన పిమ్మట, నీటిని పరీక్ష చేయింపవలెను.

ఎనిమిదవది నీరు వెనుకకు తన్నుట. ఇంటిలో అన్నిటికంటె పల్లమున నున్న తూమునుండి మురుగు పైకి వచ్చును. దీనిని సూచన యని చెప్పుటకంటె ఫలితమని చెప్పుట న్యాయము. ఇంతవరకు వచ్చినదనగా తక్కిన యేడింటిలో కొన్నిటిని చూచియు చూడనట్లుంటిమని యర్థము.

ఈ సూచనలు వర్షాకాలమున తీవ్రమగును. కాలువల నడుమనున్న డెల్టా గ్రామములందు భూగర్భజలము పైపైననే యుండును. నల్లరేగడి నీటిని త్వరగా ఇంకించుకొనదు. వేసవియందు ఏలాగో నడచిన తొట్టి శ్రావణమున మొరాయించును. కావున చైత్రవైశాఖములందే పరీక్షించుకొనుట ఉత్తమము.

మా యింటి సంగతి

ఈ జ్ఞానమును మేము పుస్తకమునందు నేర్వలేదు. నేర్చిన విధము చెప్పుటకు సిగ్గగుచున్నది. చెప్పకున్నచో ఈ ప్రసంగమునకు మేము అర్హులము కాము.

మేము పదవీవిరమణము చేసిన సంవత్సరమున, చైత్రమాసమందు, మా గృహిణి "ఏమండీ, స్నానాలగదిలో నీళ్లు దిగడం లేదు" అని చెప్పినది. చూతములెమ్మంటిమి. వైశాఖమున తూము గుడగుడలాడుచున్నదని చెప్పినది. ఇల్లు పాతదైనది, పలుకకేమి చేయునని పరిహాసము చేసితిమి. జ్యేష్ఠమున పెరటిలోని మల్లెపాదు ఎన్నడును లేనట్లు గుబురుగా పెరిగినది. ఉద్యోగభారము తీరి మేము స్వయముగా నీరు పోయుచున్న ఫలమని సంతోషించితిమి. ఆ పాదు ఇంకుడు గుంత యంచున నున్నది. ఆషాఢమున దోమలు పెరిగినవి, తెరలు కొంటిమి. నాలుగు మాసములు, నాలుగు సూచనలు. ఒక శబ్దమున కేడర్థములు తీయగల మాకు వీనిలో ఒక్కదాని యర్థమును తెలియలేదు.

శ్రావణమున వరలక్ష్మీవ్రతమునకు కూతురు, అల్లుడు, వియ్యపురాలు, బంధువులు వచ్చిరి. ముందునాటి రాత్రి పెద్దవాన కురిసినది. తెల్లవారునప్పటికి క్రిందిగదిలో మురుగు పైకి తన్నినది. ఇంటినిండ చుట్టములు, గంటలో పూజ. లారీవానిని పిలిచినచో మరునాడు వత్తుననెను. అడిగిన సొమ్మును ఎక్కువగా తోచినది. ఎవరో ఇద్దరు మనుష్యులను చూపిరి. లారీ ఖర్చులో సగమునకే వారు ఒప్పుకొనిరి. ఒకడు నడివయసువాడు, ఒకడు ఇరువది దాటిన యువకుడు. వారివెంట ఒక బొక్కెన, ఒక త్రాడు తప్ప మరేమియు లేదు. త్రాటిని యువకుని నడుమునకు కట్టి దింపిరి.

అతడు నడుములోతు దిగెనో లేదో, మాట పలుకక ప్రక్కకు ఒరిగెను. పైనున్నవాడు కేకవేసి లాగెను. మా యల్లుడును చేయివేసెను. మేము కూడ ముందునకు వంగబోగా ఆ పెద్దవాడు మమ్ము వెనుకకు నెట్టివేసెను. యువకుని మల్లెపాదు ప్రక్కన పరుండబెట్టిరి. కొంతసేపటికి శ్వాస సరిపడినది; ఆసుపత్రికి తీసికొనిపోగా బ్రతికెను. త్రాడు కట్టియుండనిచో ఏమగునో తలచుటకు భయమగును.

ఆసుపత్రి వసారాలో ఆ పెద్దవాడు మాతో అనిన మాటను మేము మరువలేదు: "మా బావమరిది ఇలాగే పోయాడండి, మాస్టారూ. ఆవేళ నేను కూడా దిగబోతే నలుగురూ నన్ను పట్టుకున్నారు. అందుకే మిగిలాను."

ఆసుపత్రి చీటీలో వ్రాయుటకు యువకుని పేరేమని అక్కడివారు మమ్ము అడిగిరి. మాకు తెలియదు. ముప్పదినాలుగేండ్లు ప్రతి ఉదయమును పేరుపేరున బాలురను పిలిచి హాజరు వేసినవారము. మా యింటి గోతిలోనికి దింపిన మనిషి పేరు అడుగనైన అడుగలేదు. దింపుట చట్టవిరుద్ధమనియు అప్పటికి మేమెరుగము.

వాయువులును, చట్టమును

ఆ యువకుడు జారి పడలేదు. గాలి అతనిని పడవేసినది. తొట్టియందు హైడ్రోజన్ సల్ఫైడు, మీథేను, బొగ్గుపులుసు గాలి యుండును; ప్రాణవాయువు తక్కువగా నుండును. హైడ్రోజన్ సల్ఫైడు సామాన్యమైన గాలికంటె బరువైనది గనుక అడుగున నిలుచును. మడ్డిని కలచినప్పుడు ఒక్కసారిగా పైకి వచ్చును. కొంచెముగా నున్నప్పుడు కుళ్ళిన గ్రుడ్డు వాసన వేయును. హెచ్చుగా నున్నప్పుడు మన ఘ్రాణశక్తిని మొద్దుపరచును గనుక వాసన తెలియనే తెలియదు. వాసన లేదు గనుక భయము లేదని దిగినవాడు ఒకటి రెండు శ్వాసలతో పడిపోవచ్చును. మీథేను మండునది, మూత తీసి దీపము చూపుట, అచ్చట చుట్ట వెలిగించుట ప్రాణాంతకము.

ఒకడు పడగా వానిని రక్షింపబోయి రెండవవాడు, అతనికై మూడవవాడు ఒకే తొట్టిలో మరణించుట మన రాష్ట్రములందు వార్తాపత్రికలలో మాటిమాటికి చదువుచున్నాము. మురుగుకాలువలను, సెప్టిక్ ట్యాంకులను ప్రమాదకరముగా శుభ్రము చేయుచు 2019 నుండి 2023 వరకు దేశమున 377 మంది మరణించిరని ప్రభుత్వమువారే పార్లమెంటునకు తెలిపిరి.

చేతితో మలమెత్తు పనిని నిషేధించి, ఆ పనివారికి పునరావాసము కల్పించు చట్టము 2013 లో వచ్చినది. ఆ యేడు డిసెంబరు 6 నుండి అమలులో నున్నది. రక్షణోపకరణములును తగిన జాగ్రత్తలును లేక మనిషిని సెప్టిక్ ట్యాంకు పనికి పెట్టుట దానిచే నేరము. మొదటి తప్పునకు రెండేండ్లవరకు కారాగారము గాని, రెండు లక్షల రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. "కూలికి ఒప్పుకొని అతడే దిగెను" అనుమాట యజమానుని రక్షింపదు. 1993 నుండి ఇట్లు మరణించినవారి కుటుంబములకు పది లక్షల రూపాయలీయవలెనని సుప్రీముకోర్టు 2014 మార్చి 27 న తీర్పు చెప్పినది. 2023 అక్టోబరు 20 న ఆ పరిహారమును ముప్పది లక్షలకు పెంచినది. 2014 నాటి తీర్పునకు కారణమైన వ్యాజ్యమును నడపినది సఫాయి కర్మచారీ ఆందోళన్ అను సంస్థ. దానిని స్థాపించినవారిలో ముఖ్యుడగు బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనులయొద్ద ఇట్టి పనిచేయు తెలుగు కుటుంబమున జన్మించినవాడు; 2016 లో రామన్ మెగసెసే బహుమానమును పొందెను.

గృహస్థుల కర్తవ్యము

చేయవలసినవి కష్టమైనవి కావు. తోడించిన తేదీని గోడపైననో, పద్దుపుస్తకముననో వ్రాసియుంచుడు. సూచన కనబడినను కనబడకున్నను మూడేండ్లు దాటనీయకుడు. యంత్రముతో పీల్చు లారీనే పిలువుడు. వీధి ఇరుకైనచో గొట్టమెంత పొడవున్నదో ముందుగా అడుగుడు. సాధారణముగా పెరటివరకు చేరును. తీసిన మడ్డిని ఎక్కడ పోయుదురో కూడ అడుగుడు. పంటకాలువలో పోయించినచో మన యింటి రోగమును దిగువ యూరికి పంపినవారమగుదుము. ఓరుగల్లు నగరపాలకులు 2016 లోనే ఇట్టి మడ్డి విషయమున నియమావళి యేర్పరచిరి. శుద్ధికేంద్రములున్న పట్టణములందు అక్కడికే చేర్పించుట ధర్మము.

వాననీటిని తొట్టిలోనికి కలుపకుడు. వంటనూనె, గుడ్డపీలికలు, ప్లాస్టికు, శిశువుల తుండుగుడ్డలు దొడ్డిలో వేయకుడు. యాసిడ్డును, ఫినాయిలును కుమ్మరింపకుడు. మనకు పనిచేయు సూక్ష్మజీవులు వానితో చచ్చును. ఏదో చూర్ణము వేసినచో తోడింపనక్కరలేదని యెవరైన చెప్పినచో నమ్మకుడు. మూత తీసి లోనికి వంగి చూడకుడు. ఎవడైన లోపల పడినచో దిగకుడు, ఎవరిని దిగనీయకుడు. వెంటనే అగ్నిమాపకదళమునకు 101, వైద్యసహాయమునకు 108 పిలువుడు. క్రొత్తగా ఇల్లు కట్టువారు తొట్టి మూతలను గచ్చుక్రింద కప్పిపుచ్చక, లారీ గొట్టమందు చోట నుంచుకొనుడు.

సంఘమునకు విన్నపము

ప్రతి సంవత్సరమును ఈ సభలయందు మన బాలురు పొందిన పట్టములను, మనవారు చేపట్టిన పదవులను లెక్కించి సంతోషించుచున్నాము. అది తగినదే. కులము పేర మనము ఇక్కడ కూడితిమి. కులము పేరనే మరికొందరు మన గోతులలోనికి దింపబడుచున్నారు. తాతలు ఆ పని చేసిరి గనుక మనుమలును చేయవలెనని లోకము నిర్ణయించినది. ఆ లోకములో మనమును ఉన్నాము. మన యభివృద్ధిని లెక్కించు పుస్తకమునందు ఈ పద్దును గూడ వ్రాయవలసి యున్నది.

యోగశాస్త్రమున చెప్పిన అయిదు నియమములలో మొదటిది శౌచము. అది బాహ్యమనియు ఆభ్యంతరమనియు రెండువిధములు. తొట్టిని సకాలమున తోడించుట బాహ్యశౌచము. దానికై ఒక మనిషిని దింపకుండుట ఆభ్యంతరశౌచము. మొదటిది లేనిచో రెండవది నిలువదని మా యనుభవము. ఆలస్యము చేసిననాడు మంచివాడును తొందరపడును. తొందరపడినవానికి ఎదుటివాని ప్రాణము చౌకగా కనబడును.

కావున ఈ మహాసభవారికి మూడు మనవులు చేయుచున్నాము. మన విద్యార్థి వసతిగృహమునందును, కల్యాణమండపమునందును గల తొట్టులను ఏటేట వేసవిలో యంత్రముతోనే తోడించి, ఆ తేదీని వార్షిక నివేదికయందు ప్రకటింపవలెను. సంఘ భవనములలో గాని, సభ్యుల గృహములలో గాని మనిషిని తొట్టిలోనికి దింపమని తీర్మానము చేయవలెను. లారీ ఖర్చునకు చాలని పేద సభ్యులకు సహాయనిధినుండి ఆ సొమ్మును ఇప్పింపవలెను. సొమ్ము చాలమిచే ఎవరును మేము చేసిన తప్పు చేయకుందురు గాక.

ఆ యువకుడు ఇప్పుడు మా యూరనే ఆటో నడుపుకొనుచున్నాడు. పేరు పెట్టి పిలిచినచో ఆగి, "బాగున్నారా, మాస్టారూ?" అని యడుగును. అతడు ఆగినప్పుడెల్ల మా మల్లెపాదు మాకు జ్ఞప్తికి వచ్చును. మీ యిండ్లకు పోయినపిమ్మట పెరటిలోనికి వెళ్లి ఒకసారి చూచుకొనుడు. ఇంటిలోని ఆడువారిని ఒక్క ప్రశ్న యడుగుడు: "నీళ్లు సరిగా దిగుచున్నవా?" వారు చెప్పు సమాధానమును ఆనాడే వినుడు.

 కార్యదర్శిగారు ఇక నిశ్చింతగా వడ్డనకు ఆజ్ఞ యీయవచ్చును.

శుభమస్తు.